తడిగుడ్డలో పనస గింజలు

ఆ వేసవిలో నంద్యాల బస్టాండులో ఒక ముసలాయన బస్సెక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో ఉన్న గుడ్డమూట మీద సీసాలోంచి నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాడు. నా ప్యాంటు కూడా తడిసింది.

"ఏం పెద్దాయనా, పసిబిడ్డనా ఏంది, అంతగా సాకుతాండావ్?" అన్నాను.

ఆయన నవ్వాడు. "పనస గింజలప్పా. గోదావరి పక్క కొబ్బరితోటకు కాపలా ఉంటి. కొబ్బరి కింద కోకో పెడతామని, అదే చాక్లెట్టు చెట్లు, అడ్డమొచ్చిన పనస, నేరేడు అన్నీ కొట్టేసిరి. చిలకలు, ఉడతలు యాడికి పోతాయని ఎవురూ అడగల్యా. కూలిన పనసచెట్టు కాయలోంచి ఇవి తీసుకొచ్చినా. నాటేదానికి నాకు జానెడు నేల ల్యా."

"ఆళ్లగడ్డలో నాది విత్తనాలంగడే. నా చేతికొచ్చిన గింజ చెడిపోదు. మా చేన్లో నాటుతా" అన్నాను గొప్పగా.

"విత్తనాలాయనకు నేను చెప్పేదేముందిలే" అంటూ మూట నా చేతిలో పెట్టాడు. "వానలు పడినాక మా ఊరు రుద్రవరం నుంచి వస్తా. మొలకలు చూసిపోతా."

ఆ తడికి గింజలు కుళ్లిపోతాయనుకున్నాను. మా నాయన జొన్న విత్తనాలకు చేసినట్టే మిద్దె మీద ఎండబెట్టి, బూడిద పట్టించి, డబ్బాలో భద్రంగా దాచాను. తొలి వానకు నాటితే ఒక్కటీ మొలవలేదు. పనస గింజ ఎండితే చచ్చిపోతుందని తర్వాత తెలిసింది. అడిగి ఉంటే ఆయనే చెప్పేవాడు.

ఆ వానాకాలమంతా రుద్రవరం బస్సు వచ్చి ఆగినప్పుడల్లా నేను అంగడి లోపలి గదిలోకి పోయి కూర్చునేవాణ్ణి.