బూడిద కుప్ప దగ్గర విప్పించిన చెప్పులు

2022లో రెండో పంట దాళ్వా కోతలు అయిపోయి, ద్రాక్షారామం చుట్టుపక్కల మిల్లులన్నీ ఆగకుండా ఆడుతున్న రోజులు. అప్పటికి నాకు మిల్లు తుక్కు వ్యాపారంలో ముప్పై ఏళ్లు దాటాయి. తుక్కు అని ఊళ్లోవాళ్లు అంటారు, నేననను. వడ్లు ఆడితే తవుడు గేదెలకు, నూకలు కోళ్లకు, ఊక ఇటుకల బట్టీలకు పోతాయి. ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు ఉడకబెట్టడానికి ఆవిరి పుట్టించే పెద్ద పొయ్యిని బాయిలర్ అంటారు. అందులో కాల్చేదీ ఊకే. కాలాక మిగిలే నల్ల బూడిదని, మిల్లువాళ్లు దాన్ని యాష్ అంటారు, ఒకప్పుడు కాలవ గట్టున పోసేసేవారు. గాలి వీస్తే ఊరంతా కళ్లు నులుముకునేది. దాన్ని కూడా నా దొడ్లో పోయించుకుని మొక్కల నర్సరీలకు అమ్మడం మొదలుపెట్టాను. మట్టిలో కలిపితే గుల్లగా ఉంటుంది, వేరు బాగా పాకుతుంది. నేను చదివింది మూడో తరగతి. ఏదీ పారెయ్యకూడదన్నది మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చింది.

నా దొడ్లో ఒక కట్టుబాటు ఉండేది. చెప్పులు గేటు దగ్గర విప్పి లోపలికి రావాలి. ధాన్యాన్ని చెప్పుకాలితో తొక్కకూడదని మా అత్తగారు నేర్పారు. తవుడైనా, ఊకైనా లక్ష్మీదేవే. విప్పనివాళ్లకి సరుకు ఇచ్చేదాన్ని కాదు.

నూకరత్నం కడియం వైపు నుంచి వచ్చేది. నర్సరీలో మట్టి, బూడిద, పశువుల ఎరువు కలిపి ప్లాస్టిక్ సంచుల్లో నింపడం ఆమె పని. ఆ కలిపినదాన్ని పాటింగ్ మిక్స్ అంటారు. రోజంతా కాళ్లు తడి మట్టిలోనే. నలభై ఏళ్లకే షుగరు వచ్చింది. నాతో సమానంగా మాట్లాడగలిగిన మనిషి ఆ ఒక్కతే. మామ్మగారు పారెయ్యనివి రెండే, ఊకా, పాత కోపమూ అని నా మొహం మీదే అనేది.

ఊక బూడిదతో ఒక చిక్కుంది. పైన చల్లారినా లోపల రెండు మూడు రోజులు నిప్పు ఉంటుంది. పొగ రాదు, ఎర్రగా కనబడదు. నీళ్లు పోసి తిరగేస్తే ఆరిపోతుంది. కానీ తడిసిన బూడిద గోనెల్లో గడ్డకడుతుంది, కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారు. మోటారు వేస్తే కరెంటూ దండగ. అందుకని నీళ్లు పోయకుండా కుప్పలో ఇనప చువ్వ గుచ్చి, కాసేపాగి తీసి, ముట్టుకుని చూసి అమ్మేదాన్ని. ఏళ్ల తరబడి అలాగే జరిగిపోయింది.

మిల్లులు ఆడుతున్న ఆ రోజుల్లోనే పక్కింటివాళ్లు బూడిద ఎగిరి ఆరేసిన బట్టల మీద పడుతోందని గొడవ చేస్తే, కుప్ప మీద తడిపిన గోనెలు కప్పించాను. మర్నాడు పొద్దున్నే రత్నం, ఆమె మొగుడు వీర్రాజు ట్రాలీ ఆటోలో వచ్చారు. గోనె మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. చువ్వ గుచ్చలేదు.

రత్నం ఆ రోజు చెప్పులతోనే గేటు దాటింది.

"ఏమే, కళ్లు నెత్తికెక్కాయా? విప్పి రా."

"బూడిదే కదా మామ్మగారూ. ఇది కూడా లచ్చిందేవేనా అండి?"

"నా దొడ్లో అన్నీ లక్ష్మే. ఇష్టం లేకపోతే ఇంకోచోట కొనుక్కో."

నవ్వుకుంటూ విప్పి గేటు పక్కన పెట్టింది. గోనెలు తీసి, పార పట్టుకుని కుప్ప ఎక్కింది. నాలుగో అడుగుకి రెండు కాళ్లూ చీలమండల దాకా దిగబడ్డాయి. అరవలేదు. షుగరుతో పాదాలు మొద్దుబారిన మనిషి, కాళ్లు జారాయనుకుని పార ఆనుకుని నిలబడింది. ముందు తెలిసింది నాకే, కాలిన వాసనని బట్టి. నేను కేక వేస్తే వీర్రాజు వచ్చి లాగాడు. కుండలో నీళ్లు, బిందెలో నీళ్లు, ఉన్నవన్నీ ఆ కాళ్ల మీద పోశాను. అదే ఆటోలో కాకినాడ తీసుకెళ్లారు.

నెలన్నర ఆసుపత్రిలో ఉంది. కుడికాలి వేళ్లు మూడు తీసేశారు. ఇకమీదట కాళ్లకి తడి తగలకూడదన్నారు. తడి మట్టిలో తప్ప వేరే పని తెలియని మనిషికి ఆ మాట చెప్పి పంపారు.

ఇంటికి వచ్చిందని తెలిసి చూడబోయాను. మంచం మీద కూర్చుని ఉంది. చువ్వ గుచ్చనిది నేను, చెప్పులు విప్పించింది కూడా నేనే, తప్పు నాదేనని చెప్పాను. కాదనలేదు. కాలి కట్టు కేసి చూస్తూ అంది.

"చెప్పులుంటే కాళ్లు ఇంతలా కాలి ఉండేవా అని డాక్టరు గార్ని అడిగేనండి. కొంత తగ్గేదన్నారు."

కట్టు అంచు సర్దుకుంటూ మళ్లీ అంది.

"అడక్కుండా ఉంటే బాగుండేదండి."

వీర్రాజు నన్ను బస్సు దాకా దింపాడు. ఇప్పుడు రత్నం నర్సరీలో ఒక మూల కూర్చుని మొక్కలకి పేర్ల చీటీలు కడుతోంది. రోజుకి ఒక పూట పనే ఇస్తున్నారు.

నా దొడ్లోకి వచ్చిన బూడిదని ఆవిరి ఆగేదాకా తడిపించి, తిరగేయించి, మర్నాడు నాలుగు వైపులా చువ్వ గుచ్చుతున్నాను. గడ్డకట్టి అమ్ముడుపోనిది అలాగే పడి ఉంటుంది, ఉండనీ. బూడిద వైపు రబ్బరు బూట్లు లేకుండా ఎవర్నీ వెళ్లనివ్వను. ముసలిదానికి భక్తి పోయిందంటున్నారు. అననీ. ఇన్నేళ్లూ నీళ్లూ కరెంటూ మిగిల్చానని గొప్పపడ్డాను. ఆ మిగులు ఎవరి ఒంటిలోంచి వస్తుందో ఒక్కసారీ అడగలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. బూడిద చల్లారిందో లేదో మనిషి అరికాలితో తేల్చకూడదు.