కనుమలో అలుపు తీర్చే రాయి

పర్యాటకుల వ్యాను నడపడంలోనే అతనికి ఇరవై రెండేళ్లు గడిచిపోయాయి. ఒకప్పుడు వర్తకులు ఉప్పు, ఉన్ని మోయించుకుని దాటిన కనుమ దగ్గరికి వారానికి నాలుగుసార్లు జనాన్ని తీసుకెళ్లేవాడు. వాళ్లు పైకెక్కి దిగి వచ్చేదాకా సీటు వెనక్కి వాల్చి కునుకు తీసేవాడు. ఒక్కసారీ తాను ఎక్కలేదు.

ఉద్యోగం ఆఖరి వారంలో భార్య కూడా వ్యానెక్కింది. "లోకమంతటికీ చూపించారు, నాకు చూపించరా?" అని పట్టుబట్టింది.

నడుం నొప్పితో మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కాడు. ప్రయాణికులు అప్పటికే చూసేసి ఎదురుగా దిగి వస్తున్నారు. పైన రెండు కొండల నడుమ సన్నని సందు, ఈదురుగాలి తప్ప ఏమీ లేదు.

"ఇంతేనా?" అంది భార్య.

"ఇంతేనే. పేరు గొప్ప, ఊరు దిబ్బ."

దారి పక్కన నడుమెత్తున ఒక బల్లపరుపు రాయి ఉంది. కూలీలు వీపు మీది మూట దించకుండానే దానికి ఆనించి అలుపు తీర్చుకునేవారట. పక్కనున్న పలక మీది ఆ సంగతి భార్య చదివి వినిపించింది. అతను వెళ్లి రాతికి ఆనుకున్నాడు. సరిగ్గా నొప్పి ఉన్నచోటే తగిలింది. అంచు నున్నగా అరిగిపోయి ఉంది.

"వాళ్లకీ ఇక్కడే నొప్పి పుట్టేదన్నమాట" అన్నాడు.

ఫోను మోగింది. "డ్రైవర్ గారూ, అందరం దిగి వచ్చేశాం. ఎక్కడున్నారు?"

ఇన్నేళ్లూ ఎవరు పిలిచినా "ఇదిగో, వచ్చేస్తున్నా" అనేవాడు.

"అరగంట పడుతుందండీ. టీ తాగండి" అని ఫోను పెట్టేశాడు.

భార్య కాస్త జరగమని తానూ పక్కన చేరింది.