బుర్రకథ మీద నడిచిన సర్వర్

డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకని రెండేళ్లు నేను బందరులో ఒక నెట్ సెంటర్లో పనిచేశాను. డయలప్ పోయి బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. సెంటరు యజమానికి యాభై దాటాయి. ఏ చుట్టరికమూ లేకపోయినా ఆయన్ని బాబాయిగారూ అనేవాణ్ణి. వచ్చేపోయేవాళ్లూ అలాగే పిలిచేవాళ్లు. అంతకుముందు ఆ గదిలోనే ఆయనకు క్యాసెట్ల షాపు ఉండేది. క్యాసెట్లు కొనేవాళ్లు కరువయ్యాక, మిగిలినవన్నీ ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించుకుని, గోడల ర్యాకులు పీకించి పదకొండు కంప్యూటర్లు పెట్టించారు. పది వచ్చేవాళ్లకి. పదకొండోది, అన్నిటికంటే పాతది, కౌంటరు మీద ఆయన పాటలకి.

మెయిలు చూసుకునేవాళ్లూ, పరీక్షల రిజల్టు చూసుకునేవాళ్లూ వచ్చేవాళ్లు గానీ సెంటరుని నిలబెట్టింది మాత్రం తుపాకుల ఆట. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు కూర్చుని కాల్చుకోవాలి. ఎవడు ఎక్కడున్నాడు, ఎవడి గుండు ఎవడికి తగిలింది అని తీర్పు చెప్పే ప్రోగ్రాం ఒకటి వెనక నడవాలి. దాన్నే సర్వర్ అంటారు. మొదట్లో ఆ సర్వర్ని ఆడే పది కంప్యూటర్లలో ఆరో నంబరు మీదే నడిపేవాణ్ణి. దాంతో ఆరో నంబరు ముందు కూర్చున్నవాడి గుండు అందరికంటే ముందు తగిలేది. సంగతి తెలిశాక ఆ కుర్చీ కోసం ఆర్టీసీ బస్సులో వేసినట్టు కిటికీలోంచి రుమాళ్లు వేయడం మొదలుపెట్టారు. ఒకరోజు రెండు రుమాళ్లు పడ్డాయి. ఇద్దరు పాలిటెక్నిక్ వాళ్లు కాలర్లు పట్టుకున్నారు.

సర్వర్‌కి విడిగా ఒక కంప్యూటర్ కావాలని, దాని ముందు ఎవరూ ఆడకూడదని బాబాయిగారికి చెప్పాను. మనుషులు కూర్చోకూడని కంప్యూటర్ తనకెందుకన్నారు. రెండ్రోజులు ఆలోచించి చివరికి, "నా పాటల డబ్బా ఉందిగా, దాంట్లో పెట్టుకో. నా పాటల జోలికి మాత్రం రాకు" అన్నారు.

అలా పాటల డబ్బా సర్వర్ అయింది. పొద్దున ఆయన వచ్చి దణ్ణం పెట్టుకుని పాటలు పెట్టేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తూ ఆపేసేవారు. పడుకుని లేచి సాయంత్రం వచ్చి మళ్లీ పెట్టేవారు. సర్వర్ తన పని తాను చేసుకునేది.

మొదటి వారం పొద్దునపూట ఆట వెన్నలో కత్తి దిగినట్టు సాగింది. మధ్యాహ్నాలే గొడవ. పరిగెత్తేవాడు నత్తినత్తిగా పరిగెత్తేవాడు. గురిచూసి కాల్చినా గుండు తగిలేది కాదు. సర్వర్ సెకనుకు ఎన్నిసార్లు ఆటను చూసుకుంటుందో చెప్పే అంకె ఒకటుంది, దాన్ని ఎఫ్‌పీఎస్ అంటారు. పొద్దున అది ఐదువందల దగ్గర గుంజకి కట్టేసినట్టు నిలబడేది. మధ్యాహ్నం అరవై నాలుగుకి పడిపోయేది.

దీనివల్ల ఎక్కువ నష్టపోయినవాడు పెడన నుంచి వచ్చే కలంకారీ అద్దకం పనివాడు. మా బందరులో వాణ్ణి మించిన ఆటగాడు లేడు. పొద్దునంతా గుడ్డల మీద అచ్చులు అద్ది, వాటిని ఎండలో ఆరేసి, గోళ్లలో ఎరుపు రంగుతో సరిగ్గా ఒంటిగంటకి దిగేవాడు. దిగగానే ఆట నత్తి మొదలయ్యేది. నాకు తెలియని సంగతి నాకే నేర్పుతున్నట్టు చెప్పాడొకరోజు.

"ఎండెక్కితే రంగే మారుద్దండీ. మీ డబ్బా మారదా?"

నిజమేననిపించింది. డబ్బా మూత విప్పి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాను. లోపలున్న దుమ్మంతా లేచి నా మొహం మీదికి వచ్చింది తప్ప అంకె లేవలేదు. వోల్టేజి అనుకుని స్టెబిలైజర్ మార్పించాను. కేబుళ్లన్నీ కోసి కొత్త క్లిప్పులు వేశాను. నోట్‌బుక్కులో గంటగంటకీ అంకె రాసుకోవడం మొదలుపెట్టాను. మంగళవారాలైతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరవై నాలుగే. బాబాయిగారు మంగళవారం మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్తారు, సెంటరు నా మీదే ఉంటుంది. కాబట్టి నా నిర్వహణలోనే ఏదో దోషముందని పాలిటెక్నిక్ వాళ్లు తేల్చారు. పెడన మనిషి ఇంకొంచెం ముందుకెళ్లి, ఆయనతో పాటు నన్ను కూడా మోపిదేవి తీసుకెళ్లి పుట్టలో పాలు పోయించమన్నాడు. బాబాయిగారికి ఆ సలహా బాగా నచ్చింది. నేను వెళ్లాను కూడా. దర్శనం బాగా జరిగింది. సర్వర్ మారలేదు.

ఇంతలో గుడివాడ నుంచి కబురొచ్చింది. అక్కడి నెట్ సెంటరు జట్టు ఆదివారం వచ్చి మాతో ఆడతామంది. మనవాళ్లు ఒప్పేసుకున్నారు. ఆదివారం పదింటికల్లా ఐదుగురూ బస్సు దిగి వచ్చారు. వాళ్ల నాయకుడు లావుపాటి మనిషి, అక్కడ వాళ్ల నాన్న బియ్యం కొట్లో కూర్చుంటాడట. పొద్దునే ఆట కాబట్టి నేను ధైర్యంగానే ఉన్నాను. బాబాయిగారు తెల్లచొక్కా వేసుకుని వచ్చి, అతిథులకు ఇబ్బందిగా ఉంటుందని మర్యాదకి పాటలు ఆపేశారు.

ఆట మొదలైన రెండు నిమిషాలకే నత్తి. సర్వర్ తెర మీద అంకె చూశాను. అరవై నాలుగు.

గుడివాడ నాయకుడు మౌస్ వదిలేసి నావైపు తిరిగాడు. "ఏమండీ, బస్సు టికెట్టు పెట్టుకుని వచ్చింది ఇందుకాండీ? మావాడు తలకాయ మీద కాలిస్తే మీవాడు గడ్డం గోక్కుంటన్నాడు."

మీవాళ్లకే కాదు, మావాళ్లకీ అలాగే ఉందని చెప్పాను. పెడన మనిషి కూడా నన్ను సమర్థించడానికన్నట్టు, ఇక్కడ రోజూ ఇంతేనన్నాడు. దాంతో మా పరువు పూర్తిగా పోయింది. బాబాయిగారి మొహం చిన్నబోయింది. ఆయనకి మనసు బాగోకపోతే చెయ్యి దానంతటదే పాట మీదికి వెళ్తుంది. నా పక్కనుంచి వంగి ఒక పాట పెట్టారు.

నేను అంకె వైపే చూస్తున్నాను. పాట ఎత్తుకోగానే అరవై నాలుగు కాస్తా ఐదువందలకి లేచి కూర్చుంది.

పాట ఆపాను. అరవై నాలుగు. పెట్టాను. ఐదువందలు. మళ్లీ ఆపాను. నోట్‌బుక్కులో రాసుకున్న గంటలన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. ఎండ కాదు, కరెంటు కాదు, మంగళవారం కాదు. నాలుగోసారి ఆపేసరికి బాబాయిగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"పాటని అట్టా గొంతు పిసికి వదులుతావేంట్రా? పాడితే పాడనీ, లేకపోతే లేదు."

దీని వెనక మహిమేమీ లేదని నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. కంప్యూటర్లో ఒక గడియారం ఉంటుంది. మామూలప్పుడు అది బద్ధకంగా సెకనుకు అరవై నాలుగుసార్లు కొట్టుకుంటుంది. పాటల ప్రోగ్రాం మాత్రం ఎక్కడా తెగకుండా పాడాలి కాబట్టి గడియారాన్ని ఇంకా వేగంగా కొట్టుకోమంటుంది. ఆ వేగం పక్కనే ఉన్న సర్వర్‌కి కూడా అందుతుంది. ఈ ముక్క నెట్‌లో చదివి చెబితే బాబాయిగారు, తాను మొదట్నుంచీ అదే చెబుతున్నానన్నారు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఆదివారం మాత్రం అవన్నీ ఎవరికి కావాలి? పాట ఉంటే ఆట ఉంటుందని గదిలో అందరికీ చూపించాను. ఇంకొక చిక్కు వచ్చింది. పాట ఐదు నిమిషాలకి అయిపోతుంది. పాటకీ పాటకీ మధ్య అంకె పడుతుంది, ఆ సందులో ఎవడో ఒకడు అన్యాయంగా చస్తాడు. అప్పుడు బాబాయిగారు కుర్చీ లాక్కుని సర్వర్ ముందు కూర్చున్నారు. రెండు గంటలు తెగకుండా సాగేది తన దగ్గర ఒకటుందన్నారు. రెండు క్యాసెట్ల బుర్రకథ. ఆయనే కలిపి ఒక్క ఫైలు చేసుకున్నారు.

సౌండు పూర్తిగా తగ్గించేసినా పనవుతుందేమోనని నేను మెల్లగా అన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆటలో అడుగుల చప్పుడు వినపడాలని గుడివాడవాళ్లు బతిమాలాక సగానికి తగ్గించారు.

తంబుర మోగింది, డక్కీలు మోగాయి, కథ ఎత్తుకున్నారు, ఆట మొదలైంది. అంకె గంటసేపు కదల్లేదు. పెడన మనిషికి తన ఆట తనకి దొరికింది. ఎర్రగోళ్ల వేళ్లు మౌస్ మీద ఎలా తిరిగాయో నాకిప్పటికీ గుర్తే. గుడివాడ నాయకుడూ తక్కువవాడు కాదు. రెండు జట్లూ సమానంగా వచ్చి చివరి రౌండులో వీళ్లిద్దరే మిగిలారు. నాయకుడు ఒక గోడ వెనక నక్కి గురి పెట్టుకుని ఉన్నాడు. పెడన మనిషి సరిగ్గా ఆ గోడవైపే వస్తున్నాడు. అప్పుడే కథలో హాస్యగాడు, పెళ్లిచూపులకి వెళ్లి తన చెప్పులు పోగొట్టుకున్న సంగతి చెప్పాడు. నాయకుడికి నవ్వు ఆగలేదు. పొట్ట కదిలింది, చెయ్యి కదిలింది, తుపాకి ఆకాశంలోకి పేలింది. పెడన మనిషి నింపాదిగా వచ్చి కాల్చాడు.

గెలిచామని మావాళ్లు గంతులేస్తుంటే నాయకుడు మాత్రం చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమన్నాడు. "ఉండండి బాబూ, ఆ చెప్పులు దొరికినియ్యో లేదో విననీండి."

చెప్పులు దొరికేలోపే కరెంటు పోయింది. ఆదివారం మధ్యాహ్నపు కోత. యూపీఎస్ నాలుగు కూతలు కూసి ఆగిపోయింది. పదకొండు తెరలూ నల్లబడ్డాయి.

గుడివాడవాళ్లు లేచి బస్సుకి వెళ్లాలి. లేవలేదు. బాబాయిగారు ఒకసారి వాళ్లని చూసి, తలుపులు బార్లా తెరిచి, గొంతు సవరించుకున్నారు. ఆ కథ ఆయనకు మొత్తం నోటికి వచ్చునని అన్నాళ్లుగా పక్కనే ఉన్న నాకు తెలియదు. మొదట కూర్చునే మొదలుపెట్టారు. కాసేపటికి లేచి నిలబడ్డారు. చేతిలో తంబుర లేదు కాబట్టి కీబోర్డు ఒకటి భుజానికి ఆనించుకున్నారు. వంతకి పెడన మనిషి "తందాన తాన" అందుకున్నాడు. గుడివాడ నాయకుడు బల్ల మీద దరువేశాడు. చెప్పులు చివరికి పెళ్లికూతురి తాతగారి కాళ్లకి ఉన్నాయి.

వాళ్ల బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. తర్వాతదానికి నేనే స్టాండు దాకా వెళ్లి ఎక్కించాను. చేపల గంపలతో సీట్లన్నీ నిండిపోయి, ఐదుగురూ గుడివాడ దాకా నిలబడే వెళ్లాల్సొచ్చింది.