చెడగొట్టు వానా... ఇంగ్లిష్ పేపర్లో ఒక ఖాళీ

మా చిన్నప్పుడు... గురుకులం ప్రవేశ పరీక్షకు సూర్యాపేట వెళ్ళిన రోజు, చేతిలో పేపర్ కంటే కిటికీలోంచి మబ్బే నాకు ఎక్కువ కనిపించింది.

మాది మునగాల పక్క పల్లె. యాసంగి పంట వడ్లు కోసి రోడ్డు మీద ఆరబోశారు. వాటి దగ్గర అమ్మ ఒక్కతే ఉంది. నాన్న నన్ను తీసుకుని బస్సెక్కాడు... సీటు వస్తే చదువు, తిండి, బట్టలు అన్నీ గురుకులం వాళ్ళవే. రాకపోతే అయిదో తరగతితో నా బడి బంద్ అని ఇంట్లో ముందే అనుకున్నారు.

ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలిచ్చి మధ్యలో ఖాళీ వదిలారు. వాటిని కలిపే మాట ఎంచుకోవాలి. మా సారు చెప్పిన చిట్కా ఒకటే... "ముందుగాల తెలుగుల అనుకోండ్రి. నడుమ 'అందుకే' అని పడితే దేర్‌ఫోర్, 'అయినా' అని పడితే హౌఎవర్. గంతే."

చకచకా దిద్దుకుంటూ వస్తుంటే ఎదురైంది... రాత్రంతా పెద్ద వాన కురిసింది, ఖాళీ, రైతులు సంతోషించారు.

చేయి ఆగిపోయింది. వానకు సంతోషమా? మబ్బు పడితేనే అమ్మ వడ్ల మీద కప్పే పరదాల కోసం పరుగెత్తేది. ముందటేడు కోతల వేళ పడ్డ చెడగొట్టు వానకు వడ్లు మొలకెత్తితే కొనేవాళ్ళే లేకపోయారు. అయినా సంతోషించారంటే వాళ్ళెవరో వేరే రైతులు అనుకుని, హౌఎవర్ దిద్దేశాను.

బయట పిల్లలందరూ దేర్‌ఫోర్ అంటున్నారు. గేటు దగ్గర మబ్బును చూస్తూ నిలబడ్డ నాన్నకు విషయం చెప్పాను.

"వడ్లు రోడ్డు మీదుండంగ వాన వడితే సంబురమేంది బిడ్డా?" అన్నాడు. అంతలోనే మెల్లగా, "గదొక్కటి తప్పైతే సీటు పోతదా?" అని అడిగాడు.

నాకేం తెలుసు... బస్సులో ఇద్దరం కిటికీలోంచి మబ్బునే చూస్తూ కూర్చున్నాం. అదృష్టం బాగుండి ఆ రోజు వాన పడలేదు.

మొదటి జాబితాలో నా పేరు లేదు. ఆ ఒక్క మార్కే ముంచిందని ఎండాకాలమంతా కుమిలిపోయాను. అన్నం సహించేది కాదు. రెండో జాబితాలో వచ్చింది... నాన్న ఏడ్చేశాడు.

ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నాం. మొన్న మా పాప ఫోన్లో ఇంగ్లిష్ టెస్టు రాస్తుంటే ఊరికే అదే ప్రశ్న అడిగాను. తల కూడా ఎత్తలేదు. "దేర్‌ఫోర్ మమ్మీ... గింత ఈజీదా?"

కరెక్టే. దానికి వానంటే భయం లేదు, అంతకంటే ఏం కావాలి... కానీ నాన్న ఉండి ఉంటే ఆ జవాబు ఒప్పుకునేవాడు కాదు.

వడ్లు రోడ్డు మీద పెట్టి పరీక్షకు పోయినవాళ్ళు ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా... ఉంటే రాయండి, చదువుతాను.