సాల్తివ్కా తొమ్మిదో అంతస్తు

మా హెడ్ సిస్టర్ పోయారు. ఆ కబురు నాకు హాస్పిటల్ బస్సులో తెలిసింది. కడప నుంచి వచ్చి ఏళ్లుగా ఇక్కడ సౌదీలో, నజ్రాన్‌లో మా స్టాఫ్ బస్సు నడుపుతున్న భాయ్, నేను ఎక్కగానే వెనక్కి తిరిగాడు. "ఆయమ్మ పోయిందంట మ్మా. నైట్ డ్యూటీవాళ్లు అనుకుంటాండారు" అన్నాడు. గేరు వేస్తూ, "బాంబు పడిందేమో?" అన్నాడు. ఆ రోజంతా అందరూ అదే అడిగారు. బాంబు కాదని వార్డుకు వెళ్లాక తెలిసింది. గుండె ఆగిపోయిందట. ఉక్రెయిన్‌లో, ఖార్కివ్ నగరంలో, సాల్తివ్కా అనే పేటలో, వాళ్ల అమ్మగారింట్లో.

నరసాపురం నుంచి కొత్తగా వచ్చిన నాకు పని నేర్పింది ఆవిడే. మాకు యెమెన్ సరిహద్దు దగ్గర. అప్పట్లో ఊరి శివార్లలో షెల్స్ పడేవి. మొదటిసారి అద్దాలు అదిరినప్పుడు నా చేతిలోని ట్రే జారి కిందపడింది. ఆవిడ వంగి ఒక్కొక్క సిరంజీ ఏరి పారేసి, కొత్త ట్రే నా చేతికిచ్చారు. "భయపడు, తప్పులేదు. నీ చేతులకు మాత్రం ఆ సంగతి చెప్పకు" అన్నారు. తర్వాత ఇద్దరం కలిసి మంచాలన్నీ కిటికీలకు దూరంగా జరిపాం.

ఆ రోజుల్లో సిస్టర్ వాళ్లమ్మ ఖార్కివ్ నుంచి ఫోన్ చేసి ఏడ్చేదట, వచ్చెయ్యమని. ఇక్కడ ఏ బాంబులూ లేవు, మన సాల్తివ్కాలో హాయిగా ఉందని.

టీ తాగేటప్పుడు సిస్టర్ ఆ సాల్తివ్కా గురించి చెప్పేవారు. ఒకప్పుడు అవన్నీ పొలాలూ తోటలేనట. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఎక్కువైపోయి నగరం చాలక, అక్కడ వరసగా అపార్ట్‌మెంట్లు లేపారు. రోడ్లు రాకముందే జనం దిగిపోయారు. వాళ్లమ్మ రబ్బరు బూట్లతో బురద దాటి, ట్రాము ఎక్కేముందు మంచి చెప్పులు వేసుకునేదట. పోనుపోను అది నాలుగు లక్షల మందికి పైగా ఉండే పేట అయింది. "మా ఒక్క పేటే ఎన్నో నగరాల కంటే పెద్దది, తెలుసా?" అనేవారు గర్వంగా.

తర్వాత యుద్ధం అక్కడికి వెళ్లింది.

సాల్తివ్కా నగరానికి ఆ చివర, రష్యా సరిహద్దు వైపు ఉంది. అందుకని దెబ్బలన్నీ ముందు దానికే తగిలేవి. వాళ్లమ్మది తొమ్మిదో అంతస్తు. కరెంటు లేదు, లిఫ్టు లేదు, మోకాళ్లు సరిగ్గా వంగవు. నేను దిగనంటే దిగనని భీష్మించింది. ఒక మధ్యాహ్నం వాళ్ల పక్క బ్లాకు మండుతోందని తెలిసింది. సిస్టర్ నర్సుల గదిలో ఫోన్ స్పీకర్‌లో పెట్టి తల్లిని మెట్లు దింపడం మొదలుపెట్టారు. నాకు అర్థం కావాలనో, తనకు ధైర్యం కావాలనో, ప్రతి మాటా మళ్లీ ఇంగ్లీషులో చెబుతూ వచ్చారు.

"అమ్మా, ఎక్కడున్నావు?"

"లేత్ మిషన్ ఆయన వాళ్ల తలుపు దగ్గర. పిలిచాను, పలకడం లేదు."

"వాళ్లు వెళ్లిపోయారమ్మా. గోడ పట్టుకుని దిగు."

"కింద టీచరమ్మ ఉంటుంది. కాసేపు ఆవిడ దగ్గర కూర్చుంటాను."

"ఆవిడా వెళ్లిపోయింది. ఆగకు, దిగు."

ఊపిరి వినిపించింది. చేతికర్ర మెట్టుకు తగిలిన చప్పుడు. మళ్లీ ఊపిరి.

"మరి ఈ బిల్డింగులో ఎవరున్నారే?"

సిస్టర్ నోరు తెరిచేలోపు పెద్ద చప్పుడు వినిపించింది. లైన్ పోయింది.

మళ్లీ చేశారు. కలవలేదు. మళ్లీ. లేచి చేతులు కడుక్కుని, "మూలబెడ్ డ్రెస్సింగ్ నువ్వు చెయ్యి, ఇంజెక్షన్లు నేను చూసుకుంటాను" అన్నారు. డ్యూటీ దిగేదాకా ఆవిడ సూది ఒక్కచోట కూడా తడబడలేదు. నేనే ఆవిడ మొహం చూడలేక పక్కకు తిరిగాను.

డ్యూటీ దిగాక బస్సెక్కాం. సంగతి భాయ్‌కి అప్పటికే తెలుసు. "ఫోన్ వచ్చిందా మ్మా?" అన్నాడు నాతో. లేదని తలూపాను. "వచ్చేదాకా బండి తియ్యను. దావలో సిగ్నల్ ఉండదు" అన్నాడు. వెనకాలవాళ్లు కూడా బ్యాగులు ఒళ్లోంచి దించి సర్దుకుని కూర్చున్నారు.

చాలాసేపటికి మోగింది. సిస్టర్ విన్నారు. కళ్లు మూసుకున్నారు.

"మెట్రో స్టేషన్‌లో ఉందట. ఎవరిదో పిల్లి ఒళ్లోకి ఎక్కిందట, దాన్ని తిడుతోంది" అన్నారు. నీళ్ల సీసా తీసుకున్నారు. మూత తిప్పలేకపోయారు. నేనే తిప్పి ఇచ్చాను.

"అల్లా దయ" అంటూ భాయ్ బండి తీశాడు.

వాళ్లమ్మ కొన్నాళ్లు పల్లెలో బంధువుల దగ్గర ఉంది. దాడులు కాస్త తగ్గగానే మళ్లీ సాల్తివ్కాకే చేరింది. అప్పుడు సిస్టర్ ఉద్యోగం వదిలి, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ పెట్టేశారు. "అక్కడికి వెళ్తారా సిస్టర్? మీకేమైనా పిచ్చా?" అన్నాను, కోపం ఆపుకోలేక. "ఆవిడ ఆ మెట్ల మీద అడిగిన దానికి నేనింకా జవాబు చెప్పలేదు" అన్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట మీద గౌరవమే కలుగుతోంది.

వెళ్లాక కూడా పేట కబుర్లు పంపేవారు. నగరంలో వాళ్ల పేట ఉన్న డివిజన్‌కు ఇదివరకు మాస్కో పేరుండేదట, తీసేసి సాల్తివ్కా పేరే పెట్టారట. అమ్మ మాత్రం అలవాటుకొద్దీ పాత పేరే అనేసి, వెంటనే తనను తానే తిట్టుకుంటోందట. ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రారో చెప్పేవారు. సైరన్ మోగితే మాట మధ్యలోనే ఫోన్ పెట్టేసేవారు. మళ్లీ మెసేజ్ వచ్చేదాకా నాకు అన్నం సయించేది కాదు.

చివరిగా పంపిన వీడియో నిన్న మళ్లీ చూశాను. తమ కిటికీలోంచి ఎదురు బ్లాకును తీశారు. మసిబారిన గోడ, కిటికీల నిండా ప్లైవుడ్ చెక్కలు. ఒక్క కిటికీకి మాత్రం కొత్త అద్దం ఉంది. ఒకామె నడుం దాకా బయటికి వంగి దాన్ని బయటివైపు తుడుస్తోంది. సిస్టర్ గట్టిగా ఏదో అరిచారు, ఏమిటో నాకు తెలియదు. ఆమె తలెత్తి చూసింది. తడిగుడ్డను పైకెత్తి ఊపింది. దాంట్లోంచి నీళ్లు ఎండలో కిందికి జారుతూ ఉన్నాయి.