చర్ల దారిలో అక్రోట్ బస్తా

శనివారం పొద్దున ఆరుంబావుకు మా గల్లీ చివర షేర్ ఆటో ఎక్కాను. మాది ఖమ్మంలో ఖానాపురం హవేలి. ఆ వేళకు ఆటోలో నాతోపాటు డ్యూటీకి వెళ్లే ఇద్దరు నర్సమ్మలు, ఒక పాల క్యాను, పాతిక కిలోల అక్రోట్ బస్తా ఉన్నాయి. బస్తా నాదే. దాన్ని ఎలాగైనా వదిలించుకుని రావాలనే బయలుదేరాను. బయటికి మాత్రం జోగమ్మకు సాయం చేయడానికి వెళ్తున్నానని చెప్పుకున్నాను. రెండూ నిజమే.

ముందు బస్తా సంగతి చెప్తాను. మా తమ్ముడు లారీ డ్రైవరు. దసరా తర్వాత ఆపిల్ లోడు కోసం కాశ్మీరు వెళ్లినవాడు నలభై కిలోల అక్రోట్లు తెచ్చి మా వరండాలో దించాడు. వాల్‌నట్లని కొందరు అంటారే, గట్టి పెంకు లోపల ముడతలు ముడతలుగా ఉండే పప్పు, అదే. "అక్కా, నువ్వు పిండివంటలు చేసి అమ్ముతవ్ గదా, ఎటన్న పనికొస్తయి" అన్నాడు. అనడం తేలికే. ఒట్టి నూనె పప్పు అది. మన ఎండలు ముదిరాయంటే కనరు వాసన వస్తుంది. అందుకే ఆలోగా వాడేయాలి.

నెల రోజులు మా ఇంట్లో దాని రాజ్యమే నడిచింది. గుత్తివంకాయలో పల్లీల బదులు వేశాను, బాగుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి, కాస్త చింతపండు పెట్టి దంచితే ఇడ్లీలోకి మంచి కారప్పొడి అయింది. కోడికూరలో జీడిపప్పు మానేసి దీన్ని ముద్దగా నూరి వేస్తే రంగు కొంచెం నల్లబడింది గాని రుచికి వంక పెట్టలేం. పులిహోరలో మాత్రం వేయకండి, మెత్తబడి చేదు దిగుతుంది. ఆ చేదంతా పప్పు మీది పొట్టులోనే ఉంటుంది. వేడినీళ్లలో పావుగంట నానబెట్టి గుడ్డతో తుడిస్తే సగం పోతుంది. ఇన్ని కనిపెట్టి నేను మురిసిపోతుంటే, ఒక రోజు మా ఆయన కంచం ముందు కూర్చుని, "రేపు చాయ్‌ల గూడ ఏస్తవా ఏంది?" అన్నారు. అప్పటికింకా పాతిక కిలోలు అలాగే ఉన్నాయి.

ఆ సాయంత్రమే జోగమ్మ చర్లకు వచ్చి అక్కణ్నుంచి ఫోన్ చేసింది. చర్ల అవతల అడవిలో ఒక కోయగూడెం ఆమెది. రెండేళ్ల కింద భద్రాచలంలో ఆడవాళ్లకు పిండివంటలు నేర్పడానికి వెళ్లినప్పుడు పరిచయమైంది. ఆమె, మరో ఐదుగురు కలిసి ఎండిన ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తారు. చర్లలోని ఒక హాస్టల్‌కు వారం వారం పంపే ఆర్డరు కోసం తిరుగుతున్నారు. మొదటిసారి పట్టుకెళ్తే పిల్లలు ఉమ్మేశారట.

"సారా వాసనొస్తుందంటున్నరక్కా. పళ్లకు అంటుకుంటుందంట. వార్డెన్ మేడం ఆదివారం ఇంకొక్కసారి చూస్తనన్నది. గిది గూడ పోతే మేం ఆరుగురం మిర్చి ఏరనీకి పోవుడే. పోతే రెండు నెల్లు ఇంటి మొఖం చూడం" అంది జోగమ్మ.

వేయించిన అక్రోట్ నూనె ముందు ఏ వాసనైనా అణగాల్సిందేనని నాకు తట్టింది. "నేనొస్తున్న, ఇప్పపువ్వు రెడీ చేసి పెట్టు" అన్నాను. మా ఆయన సంతోషంగా బస్తా మూతి కుట్టిపెట్టారు.

ఖమ్మం బస్టాండులో ఆరూ నలభైఐదుకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. కండక్టరు బస్తా వంక చూశాడు. "అమ్మా, నీకైతే ఫ్రీ. నీ బస్తకు ఆధార్ లేదు గదా" అని అరవై రూపాయలకు లగేజీ టికెట్ కొట్టాడు. బస్సంతా నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

వైరాలో ఎక్కిన పెద్దావిడ నా పక్కన కూర్చుని, బస్తాలో ఏమిటని అడిగింది. వాళ్ల తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారట. నాలుగు కాయలు చేతిలో పెడితే సంచిలో దాచుకుని ఊరికే ఉండలేకపోయింది. "బూరెల్లో వేసుకో అమ్మాయ్. శనగపప్పు పూర్ణంలో మూడో వంతు ఇది కలుపు. యాలక్కాయ మాత్రం వెయ్యకు, దీని కమ్మదనం దీనికుంటుంది" అంది. నేను వంటలు అమ్ముకునే మనిషినని చెప్పాక కూడా పూర్ణం ఎలా ఉడికించాలో మొదట్నుంచి చెప్పింది. మూడో వంతు మాట మాత్రం నోట్ చేసుకున్నాను.

కొత్తగూడెంలో తొమ్మిదింటికి పది నిమిషాలు ఆపారు. ఇడ్లీ ముప్పై రూపాయలు. చట్నీలో నీళ్లే ఎక్కువ. పదింపావుకు గోదావరి వంతెన దాటాం. కార్తీకం కావడంతో రేవు దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. మీరెవరైనా ఈ నెలలో వస్తే రూము ముందే మాట్లాడుకోండి. పదకొండింటికి చర్ల బస్సు ఎక్కాను. పర్ణశాలకు వెళ్లే యాత్రికులు దారిలో దిగిపోయాక కాళ్లు చాపుకునే చోటు దొరికింది. ఒంటి గంటకు చర్లలో దిగి అన్నం తిని, గూడేనికి ఆటో మాట్లాడుకున్నాను. మూడు వందలడిగాడు. ఆ రోడ్డు చూశాక ఎక్కువనిపించలేదు.

దారిలో పోలీసు బలగాల క్యాంపు దగ్గర ఒక జవాను ఆటో ఆపి, "బోరేమే క్యా హై?" అన్నాడు. మూతి విప్పి చూపించాను. "అఖ్రోట్!" అని ఆ కుర్రాడు తుపాకీ భుజానికి సర్దుకుని, రెండు కాయలు ఒకే పిడికిట్లో పెట్టి నొక్కాడు. పటుక్కున పగిలాయి. నేను నెల రోజులుగా తలుపు సందులో పెట్టి తంటాలు పడుతున్నాను! హిమాచల్‌లో వాళ్ల ఇంటి వెనకే ఈ చెట్టు ఉందట. వాళ్లమ్మ ఈ పప్పును ఉప్పు, పచ్చిమిర్చి, కొత్తిమీరతో నూరి గోధుమపిండి ముద్దలో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తుందని నాకొచ్చిన హిందీలో అర్థం చేసుకున్నాను. అంటే మన కుడుములే. రెండు దోసిళ్లు ఇచ్చి వచ్చాను.

రెండున్నరకు జోగమ్మ ఇల్లు చేరాను. వాకిట్లో ఆరుగురూ ఇప్పపువ్వులో కేసరాలు ఏరుతూ కూర్చున్నారు. నేను ఊరుకోవచ్చు కదా! అమ్ముకునే నోరు. గుప్పెడు కాయలు పగలగొట్టి వాళ్ల ముందు పోసి, "తినుండ్రి, పాత సరుకు గాదు. గీ ఏటి కొత్త కాయ. నిన్న మొన్న చెట్టు దిగింది" అన్నాను. అప్పటికే ఒకామె పప్పు నోటి దాకా తీసుకెళ్లింది. టక్కున చేయి దించేసింది. మిగతావాళ్లు కూడా చేతులు వెనక్కి తీసుకున్నారు. తమలో తాము కోయలో ఏదో అనుకున్నారు.

"కొత్త కాయనా అక్కా?" అని జోగమ్మ దిగులుగా అడిగింది. "కొత్తలు పెట్టకుంట మేం నోట్లె పెట్టం."

అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లకు మామిడికాయైనా, చిక్కుడుకాయైనా, ఇప్పపువ్వైనా కొత్తగా వచ్చినప్పుడు ముందు అమ్మవారికి పెట్టి, ఊరంతా ఒకే రోజు పండుగ చేసుకున్నాకే తినాలి. హాస్టల్‌లో ఉన్నదీ ఇదే అమ్మవారికి మొక్కే చుట్టుపక్కల గూడేల పిల్లలే. వాళ్లకు మాత్రం ఎలా పెడతారు? సరుకు మెచ్చుకోబోయి, ఆరుగురి నోటి దగ్గరి ఆర్డరుకు నేనే అడ్డం పడ్డాను.

పూజారి కన్నయ్య తాత దగ్గరికి పరుగెత్తాం. ఆయన కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏడిది?" అన్నాడు. కాశ్మీరుదన్నాను. "అక్కడోళ్లు కొత్తలు పెట్టుకున్నరా?" అన్నాడు. తెలియదన్నాను.

"అంగట్ల పప్పు కొంటలేమా, తింటలేమా? నువ్వు కొత్త కాయ అనకపోతే తినేటోళ్లం. అన్నంక ఎట్ల తింటం బిడ్డా?" అన్నాడు తాత. కాయ నా చేతిలో పెట్టి, "రేపు పొద్దుగాల్నే పెడదాం. ఇంటింటికీ రెండు కాయలియ్యి. గప్పటిదాంక చెయ్యుండ్రి గని, నాలికె మీద పెట్టకుండ్రి" అన్నాడు.

ఆ సాయంత్రం లాంటి వంట నేను ఎన్నడూ చేయలేదు. ఏడుగురు ఆడవాళ్లం, రుచి చూసే హక్కు నెల రోజులుగా తింటున్న నాకొక్కదానికే. సహజంగానే పెత్తనం నాదయింది. పొట్టు తీయడానికి నీళ్లు కాచమన్నాను. తడి తగిలితే లడ్డూ జిగటవుతుందని జోగమ్మ ఒప్పుకోలేదు. మట్టిపెంక మీద సన్నని సెగకు పప్పు వేయించి, చేటలో రుద్ది, పొట్టంతా చెరిగేసింది. ఒక పలుకు చేతి వెనక నలిపి వాసన చూసి మళ్లీ పెంక మీద పోసింది.

"రుచి చూడకుంట నీకేం తెలుస్తది?" అన్నాను.

"నోటితోనే చూడాల్నా అక్కా? ముక్కు లేదా?" అంది.

నాకు ఒళ్లు మండింది. సగం సరుకు విడిగా తీసుకుని, నా పద్ధతిలో నేతిలో దోరగా వేయించి, వాళ్లు వద్దంటున్నా బెల్లం ఒకటిన్నర పాళ్లు వేసి ఒక బుట్టెడు లడ్డూలు చేశాను. జోగమ్మ తను వేయించిన పప్పు, ఇప్పపువ్వు, నువ్వులు రోట్లో దంచి, చారెడు బెల్లంతో మరో బుట్టెడు చేసింది. ఆమె లడ్డూ ఒకటి నోట్లో వేసుకుని తీపి సరిపోలేదని తీర్పు కూడా చెప్పాను. చేపల పులుసుతో అన్నం తిని ఎనిమిదింటికల్లా పడుకున్నాను. నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. రేపు తేడా వస్తే వీళ్ల ముఖం ఎలా చూడాలన్నదే గుబులు.

ఆదివారం ఆరున్నరకు గూడెం చివర అమ్మవారి రాళ్ల గద్దె దగ్గర అందరూ చేరారు. ఇరవై ఆరు ఇళ్ల వాళ్లు, ఇంటికి రెండు కాయలతో. తాత టేకాకులో బియ్యం, బెల్లం, అక్రోట్ పప్పు పెట్టి కోయలో చాలాసేపు మాట్లాడాడు. మధ్యమధ్య 'అక్రోట్' అన్న మాట దగ్గర తడబడి, మళ్లీ సరిగ్గా పలికాడు. తర్వాత ఒక పలుకు నోట్లో వేసుకుని ముఖం చిట్లించాడు. "చేదున్నదే! గిందుకానే మీ తమ్ముడు కాశ్మీరు దాంక పోయింది?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఇక కాయలు పగిలే చప్పుడే. జవాను చెప్పిన కుడుములు నేను బియ్యప్పిండితో చేసి పెడితే, వేడివేడిగా ఊదుకుంటూ తిన్నారు.

జోగమ్మ ముందు నా లడ్డూ కొరికింది. "తియ్యగున్నది అక్కా" అంది. ఇంకొంచెం నమిలి, "తియ్యగనే ఉన్నది" అంది. ఆమె లడ్డూ నేను మళ్లీ తిన్నాను. రాత్రంతా ఊరడంతో ఇప్పపువ్వు తీపి పైకి తేలింది. సారా వాసన లేదు, పంటికి అంటలేదు, చివర్లో కమ్మటి నూనె రుచి నాలుక మీద నిలిచింది. సిగ్గు పడ్డాను. ఒప్పుకున్నాను కూడా.

పదింటికి హాస్టల్‌లో రెండు బుట్టలూ దించాం. జోగమ్మ వాళ్లు లోపలికి వచ్చే ధైర్యం చాలక మెట్ల మీదే కూర్చున్నారు. వార్డెన్ మేడం వరసలో ముందున్న అమ్మాయికి జోగమ్మ బుట్టలోంచి ఒకటిచ్చింది. ఆ పిల్ల వాసన చూసింది. చిన్న ముక్క కొరికి, ఆగి, మిగతాది మొత్తం నోట్లో కుక్కుకుని రెండో చేయి చాపింది. పావుగంటలో జోగమ్మ బుట్ట ఖాళీ. నా దాంట్లో సగం మిగిలింది. "ఆదివారం ఆదివారం పంపుండ్రి" అంది మేడం. ఆ మాట మెట్ల దగ్గరికి మోసుకెళ్లే పని నాకే దక్కింది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. జోగమ్మ ఏడవలేదు. "ఇగ మిర్చికి పోం" అని రెండుసార్లు తనకు తానే చెప్పుకుంది.

చర్లలో పన్నెండున్నర బస్సు ఎక్కించడానికి జోగమ్మ వచ్చింది. మిగిలిన కాయలు ఆమె దగ్గరే ఉంచాను. అవి అయిపోతే పల్లీలు, సారపప్పు కూడా అలాగే వేయిస్తానంది. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికొచ్చి నా చేయి పట్టుకుంది.

"అక్కా, కన్నయ్య తాత చెప్పమన్నడు. గీ కాయ ఇయ్యాల్టి సంది మన కొత్తలల్ల కలిసింది. వచ్చే ఏడు నువ్వు కొత్త కాయ తేవాలె. నువ్వొచ్చి పెట్టేదాంక గూడెంల ఎవ్వరం ముట్టం."

బస్సు కదిలింది. భద్రాచలంలో రెండున్నరకు దిగి భోజనం చేసి, మూడింటి ఖమ్మం బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: రోడ్డు బాగోదు, చర్ల దాటాక ఫోను అందదు, అయినా వెళ్లండి. పాల్వంచ దాటే దాకా నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తూనే ఉన్నాయి. నా చేతి వంట తిని బాగుందనేవాళ్లు ఖమ్మంలో చాలామందే ఉన్నారు. నేను వెళ్లేదాకా తినకుండా ఆగే ఊరు మాత్రం నాకు ఇదొక్కటే.