శేఖర్ సార్ మైకు పట్టుకుంటే తెర నల్లబడింది

దయ్యాలను నమ్మే తీరిక నాకెప్పుడూ లేదు. లాప్‌టాప్ మొరాయిస్తే వైరు చూస్తాను, వేడి చూస్తాను, ఆఖరికి నా తప్పేమైనా ఉందేమో చూస్తాను. నిమ్మకాయ మాత్రం కట్టను. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

నేను చెన్నైలో వీజేని. పాటకు తగ్గట్టు వేదిక వెనక పెద్ద తెర మీద బొమ్మలు కలిపి ఆడించే పని. మా అమ్మ చుట్టాలకు "కంప్యూటర్ ఉద్యోగం" అని చెబుతుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

పని నేర్పింది ఇక్కడే చూలై పేటలో ఉండే ఢిల్లీబాబు అన్న. ప్రతి క్లిప్పునూ చేత్తో కోసి, పేరు పెట్టి, వరసగా పేర్చుకునేవాడు. రెండు గంటల షోకి రెండు రోజుల తయారీ. షో మొదలయ్యాక ఎవరు పెన్‌డ్రైవ్ ఇచ్చినా పెట్టేవాడు కాదు. ఒక్కసారి పెట్టాడు.

శేఖర్ సార్ అనే ఈవెంట్ ఆర్గనైజర్ బలవంతం చేశాడు. అందులోని వీడియో తెరుచుకోలేదు, లాప్‌టాప్ బిగుసుకుపోయింది, తెర నల్లబడింది. వెంటనే శేఖర్ సార్ మైకు అందుకుని, "మా వీజే నిద్రపోయినట్టుండాడు, ఎవురైనా కాఫీ ఇయ్యండప్పా" అన్నాడు. హాలంతా నవ్వింది. పెన్‌డ్రైవ్ తనదేనన్న సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత అన్నకు పిలుపులు ఆగిపోయాయి. ఏడు నెలలకు అన్న పోయాడు. డాక్టరు షుగర్ అన్నాడు. నేను శేఖర్ అన్నాను.

కొన్నాళ్ళకు అదే శేఖర్ సార్ నాకు ఫోన్ చేశాడు. షోళింగనల్లూరులో ఒక కంపెనీ వార్షికోత్సవం, పొద్దున పదకొండు గంటలకు. నేనెవరి శిష్యుణ్ణో ఆయనకు తెలియదు. వేదిక మీద ఆయనకూ సన్మానం ఉందని, నాలుగు ముక్కలు మాట్లాడతాడని తెలిసిన నిమిషంలోనే నిర్ణయించుకున్నాను. ఆయన మైకు పట్టగానే తెర నల్లబడాలి.

పగ తీర్చుకోవాలంటే ముందు నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్ కావాలి. నవ్వకండి. నేను అనుకున్న క్షణానికంటే ముందే తెర దానంతట అది ఆరిపోతే దాన్ని రిపేరు అంటారు. అందుకని మూడు సాఫ్ట్‌వేర్లు పరీక్షించాను. మొదటిదానిలో లేని హంగు లేదు, నాలుగో గంటకు ఆగిపోయింది. రెండోది ఆగదు గానీ అన్నీ చేత్తోనే పేర్చమంటుంది. మూడోది పాట వేగాన్ని బట్టి క్లిప్పులను తనే సర్దుకుంటుంది. రెండు రోజుల పని ఒక్క పూటలో తేలిపోయింది. ఎనిమిది గంటలు ఆపకుండా ఆడించాను, మధ్యలో వైరు పీకాను, పెన్‌డ్రైవ్ పెట్టాను. చలించలేదు. డబ్బు తీసుకుని చేసే షోలకు ఇప్పటికీ నేను దాన్నే వాడమంటాను, ఇంత జరిగాక కూడా.

అందులో "శేఖర్" అని పేరు పెట్టి ఒక నల్ల క్లిప్పు సిద్ధం చేసుకున్నాను.

ఆ రోజు ముందు వరసలో ఆయన కూతురు కూర్చుంది. పదేళ్ళుంటాయి. సన్మానానికి ఇంకా అరగంట ఉండగానే ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది. నేను ఆ క్లిప్పు తీసేశాను. మనసు కరిగిందని రాస్తే బాగుంటుంది గానీ, సగం భయమే. నా తిండీ ఈ పనిలోనే ఉంది మరి.

శాలువా కప్పారు. శేఖర్ సార్ మైకు అందుకున్నాడు. తెర నల్లబడింది.

నా లాప్‌టాప్‌లో మాత్రం కంపెనీ నీలం బొమ్మ నిక్షేపంగా ఆడుతోంది. తెర చూసుకునే వేలు అనే కుర్రాడు నా పక్కనే ఉన్నాడు. "సిగ్నల్ తెరకి పోతానే ఉండాది పా. ఈడ నీలంగా ఉంటే ఆడ నల్లగా ఎట్టుంటాది?" అన్నాడు.

"మా వీజే తమ్ముడు నిద్రపోయినట్టుండాడు" అన్నాడు శేఖర్ సార్ మైకులో. ఎవరూ నవ్వలేదు. ఆయన మైకు దించాడు. బొమ్మ వచ్చింది. ఎత్తాడు. పోయింది. యాంకరమ్మాయికి ఇచ్చాడు. ఆమె అదే మైకులో రెండు నిమిషాలు మాట్లాడింది, తెర చక్కగా వెలిగింది. ఆయన మళ్ళీ తీసుకున్నాడు. ఈసారి మాట్లాడకముందే నలుపు. అప్పుడు నవ్వింది హాలు. అందరికంటే ముందు నవ్వింది నేను. ఆ పాప ఫోన్ దించేసింది.

కార్యక్రమం అయ్యాక వేలూ నేనూ అన్నీ చూశాం. సాఫ్ట్‌వేర్ దాచుకున్న రికార్డింగులో ఒక్క నల్ల ఫ్రేము లేదు. మైకు తరంగాలేమైనా తగులుకున్నాయేమోనని ఖాళీ హాల్లో అదే మైకు పట్టుకుని, అదే చోట నిలబడి నేను మాట్లాడాను. ఏమీ కాలేదు.

శేఖర్ సార్ వచ్చాడు. తిడతాడనుకున్నాను. గొంతు తగ్గించి, "ఢిల్లీబాబు నీకేమైతాడు?" అన్నాడు.

ఆ సంగతి నేనక్కడ ఎవరికీ చెప్పలేదు. "గురువు" అన్నాను.

"సెరి" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు చూలై వెళ్ళి అన్న భార్యకు చెప్పాను, అన్నే వచ్చాడు వదినా అని. ఆమె బీన్స్ తుంచడం ఆపలేదు.

"ఆయనకంత కోపం ఏడుందిరా? శేఖర్ పేరెత్తితే నవ్వేసేవోడు. కోపమంతా నీదే."

"నేను తీసేశాను కదా వదినా."

"క్లిప్పు తీసినావులే" అని, కాఫీ పెట్టడానికి లేచింది.

ఆ రోజు తెరను ఎవరు ఆర్పారో నాకిప్పటికీ తెలియదు. తెలిసిన కారణాలన్నీ చూశాను, ఏదీ సరిపోలేదు. శేఖర్ సార్ ఇప్పుడు వేదిక ఎక్కడం లేదట. నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. ఇంకో షోలో ఆయన మళ్ళీ మైకు పట్టుకుంటే, తెర మామూలుగా వెలుగుతూనే ఉంటుందేమోనని, అన్న వచ్చాడన్న మాట కూడా మిగలదేమోనని నా భయం.